ముందు బొగత జలపాతానికి, తర్వాత రామప్పకు

వరంగల్ నుంచి గైడుతో ఒక్కరోజు యాత్ర మాట్లాడుకుంటే చాలామంది దారిలో ముందు వస్తుందని పాలంపేటలో రామప్ప గుడి దగ్గర ఆగుతారు. నన్నడిగితే తిరగేయండి. తెల్లవారుజామునే బయలుదేరి, ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటి నేరుగా బొగతకు వెళ్లండి. దూరం సుమారు 140 కిలోమీటర్లు. జనం రాకముందే చేరితే జలపాతమంతా మీదే! పాకర పట్టిన బండలపై రబ్బరు చెప్పులు జారుతాయి, పట్టీలున్న పాత బూట్లు మేలు. ఉధృతి ఎక్కువగా ఉంటే నీటిలోకి దిగనివ్వరు, సిబ్బందితో వాదించకండి. తిరుగు ప్రయాణంలో సాయంత్రం రామప్ప. చెప్పులు విప్పాల్సిన చోటు కదా, మిట్టమధ్యాహ్నం ఆ రాతిపలకల మీద గైడు చెప్పే కాకతీయుల చరిత్ర ఎవరి చెవికెక్కుతుంది? అందరూ నీడ కోసం గంతులేస్తుంటారు. పొడి బట్టలు, తువ్వాలు మరవద్దు.