పిల్లికి ఇన్సూరెన్స్: ఆస్పత్రి బిల్లు డబ్బు తిరిగి రావాలంటే ఏం చేయాలి?

మా నల్లోడు ఆ రోజు పొద్దుటి నుంచి ఇసుక డబ్బాలోకి వెళ్లడం, కూర్చోవడం, లేచి అరవడం. మలబద్ధకమేమో అనుకున్నాం. సాయంత్రం నల్గొండలోనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, పొట్ట కింద చేయి పెట్టి చూసి, మూత్రం దారి మూసుకుపోయిందని చెప్పారు. మగ పిల్లులకు ఇది ఎక్కువగా వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో దారి తెరవకపోతే కిడ్నీలు పాడై ప్రాణం పోతుంది. రాత్రికి రాత్రే హైదరాబాద్ బయల్దేరాం, వంద కిలోమీటర్లు. పైపు వేశారు, సెలైన్ ఎక్కించారు, నాలుగు రోజులు ఉంచుకున్నారు. వాడు బతికాడు.

వాడికి ఇన్సూరెన్స్ ఉంది. అయినా క్లెయిమ్ ఆగింది. పాలసీలో వాడి పేరు 'బ్లాకీ' అని రాయించాం. డాక్టర్ అడిగినప్పుడు నోటికొచ్చిన ఇంటి పేరు 'నల్లోడు' చెప్పాం. నల్గొండ చీటీ మీదైతే 'మగ పిల్లి' అని తప్ప పేరే లేదు. ఈ మూడూ ఒకే పిల్లి అని కంపెనీ ఎలా నమ్మాలి?

మన దగ్గర బర్రెలకు, గొర్రెలకు బీమా చేయించినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. చెవికి ట్యాగు ఉండాలి, ట్యాగు లేకపోతే క్లెయిమ్ లేదు. పశువుల బీమా ఎక్కువగా పశువు చనిపోతే వచ్చేది, పిల్లి పాలసీ వైద్యం ఖర్చుకు పనికొచ్చేది. అంతే తేడా. బీమా చేసిన జీవి ఇదేనని చూపించాల్సిన బాధ్యత మాత్రం రెండింట్లోనూ మనదే. పిల్లి చెవికి ట్యాగు ఉండదు కాబట్టి కాగితాలే దాని ట్యాగు.

ముందు పిల్లికి ఒక ఫైలు పెట్టండి

పాలసీ కొనకముందే ఈ పని చేయండి. ఒకే పేరు ఖాయం చేసుకోండి, అన్ని కాగితాల మీదా అదే రాయించండి. ముఖం, రెండు పక్కలు, తోక, ఏదైనా మచ్చ ఉంటే అది, పగటి వెలుతురులో ఫొటోలు తీసి పెట్టుకోండి. నాటు పిల్లులు చాలావరకు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి మచ్చలే సాక్ష్యం. వీలైతే మైక్రోచిప్ వేయించండి. బియ్యపు గింజంత ఉంటుంది, భుజాల మధ్య చర్మం కింద వేస్తారు. ఆ నంబర్‌ను ఎవరూ కాదనలేరు.

టీకాల కార్డు తప్పనిసరి. పిల్లి కూనలకు ఎనిమిది వారాల వయసు నుంచి ట్రైక్యాట్ (పిల్లులకు వచ్చే మూడు జబ్బులను ఆపే టీకా) మొదలుపెట్టి, కొన్ని వారాలకు మళ్లీ వేస్తారు. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. టీకాతో ఆపగలిగే జబ్బు, టీకా వేయించని పిల్లికి వస్తే డబ్బు ఇవ్వని పాలసీలు ఉన్నాయి. ప్రతి టీకాకూ తేదీ, మందు సీసా స్టిక్కర్, డాక్టర్ సంతకం ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి.

పాలసీ ఎంచుకునేటప్పుడు

కుక్కలకు మాత్రమే ఇచ్చే పాలసీలు ఎక్కువ, పిల్లులకు ఇచ్చేవి తక్కువ. అందుకే మొదటి ప్రశ్న: పిల్లికి ఇస్తారా, అందులోనూ నాటు పిల్లికి ఇస్తారా? తర్వాత వయసు పరిమితి. ఆ తర్వాత వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ మొదలైన ఎన్ని రోజుల దాకా జబ్బులకు డబ్బు రాదు అన్నది. పిల్లి జబ్బు పడ్డాక పాలసీ కోసం పరుగెత్తితే ఉపయోగం లేదు. అప్పటికే ఉన్న జబ్బుకు సాధారణంగా కవర్ ఉండదు. టీకాలు, నులిపురుగుల మందు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్, కాన్పు ఖర్చులు కూడా చాలా పాలసీల్లో ఉండవు.

చేతికి ఎంత వస్తుందో లెక్క వేసుకోండి. బిల్లు 12,000 అయింది, పాలసీలో డిడక్టబుల్ 2,000, కో-పే 20 శాతం అనుకుందాం. ముందు 2,000 మనం భరించాలి. మిగిలిన 10,000లో 20 శాతం, అంటే ఇంకో 2,000 మనదే. వచ్చేది 8,000. ఇది తెలియక 12,000 వస్తాయని ఎదురుచూసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ప్రీమియం తక్కువ ఉందని మురిసిపోకుండా ఈ రెండు అంకెలూ అడగండి.

ఫారంలో పాత జబ్బులు దాచకండి. రేపు డాక్టర్ రికార్డులో బయటపడితే ఉన్న క్లెయిమ్ కూడా పోతుంది.

జబ్బు పడ్డ రోజు

ముందు పిల్లి, తర్వాతే కాగితం. మనం వేసుకునే పారాసిటమాల్ ముక్క కూడా వేయకండి. పిల్లి శరీరం దాన్ని అరిగించుకోలేదు, ఒక్క మాత్రతో ప్రాణం పోవచ్చు. జ్వరంలా ఉందని ప్రేమతో వేసి, పిల్లిని పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

డాక్టర్ దగ్గరికి బయల్దేరేటప్పుడు కుటుంబంలో ఒకరు కంపెనీకి ఫోన్ చేసి చెప్పండి. ఎన్ని గంటల్లో లేదా ఎన్ని రోజుల్లో చెప్పాలో పాలసీలో రాసి ఉంటుంది. మందుల షాపులో చెప్పిన వైద్యానికి డబ్బు రాదు, రిజిస్టర్డ్ పశువైద్యులే చూడాలి.

మన జిల్లాల్లో చిక్కు ఇక్కడే వస్తుంది. మహబూబ్‌నగర్‌లో అయినా, దేవరకొండలో అయినా చిన్న చీటీ మీద మందు పేరు రాసిచ్చి పంపడం మామూలు. వాళ్ల తప్పేం లేదు, ఎవరూ అంతకంటే అడగరు. మీరు మర్యాదగా అడగండి: "సార్, ఇన్సూరెన్స్ ఉంది, పిల్లి పేరు, జబ్బు పేరు, ఈ రోజు తేదీ, మీ రిజిస్ట్రేషన్ నంబర్ రాసి సంతకం పెట్టండి." మందులకు నంబర్ ఉన్న బిల్లు తీసుకోండి, అంచనా రాసిన కాగితం పనికిరాదు. రక్త పరీక్ష, ఎక్స్‌రే, స్కానింగ్ రిపోర్టులు, ఆస్పత్రిలో ఉంచితే డిశ్చార్జ్ కాగితం, యూపీఐ చెల్లింపు స్క్రీన్‌షాట్ అన్నీ దాచండి. హైదరాబాద్ వెళ్లాల్సి వస్తే నల్గొండ డాక్టర్ రాసిచ్చిన రెఫరల్ కూడా ఫైలులో పెట్టండి. జబ్బు ఎప్పుడు మొదలైందో చెప్పేది అదే.

క్లెయిమ్ పంపడం

పిల్లి పాలసీల్లో చాలావరకు ముందు మనం కట్టి, తర్వాత తిరిగి తీసుకోవాలి. కాబట్టి చేతిలో కొంత డబ్బు ఉంచుకోవాల్సిందే. క్లెయిమ్ ఫారంలో జబ్బు మొదలైన తేదీ డాక్టర్ చీటీలో ఉన్నదానితో కలవాలి. ఒరిజినల్స్ పంపేముందు ఒక్కో కాగితం ఫొటో తీసుకోండి. కంపెనీ ఏదైనా అడిగితే ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా మెయిల్‌లోనే జవాబివ్వండి.

నల్లోడి విషయంలో ఇద్దరు డాక్టర్లతోనూ 'ఈ పిల్లి, ఫొటోలోని పిల్లి ఒకటే' అని లెటర్ హెడ్ మీద రాయించి, టీకాల కార్డు జతచేసి పంపాం. మోచేతి మీద గోరంత తెల్ల మచ్చ ఉంది, అది ఫొటోలో స్పష్టంగా పడింది. దానితోనే పని జరిగింది.

కాదంటే

తిరస్కరిస్తే ఏ నిబంధన కింద తిరస్కరించారో రాతలో అడగండి. మొదట కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ విభాగానికి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి, అంటే కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి దగ్గరికి వెళ్లొచ్చు. మన తెలంగాణకు ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లోనూ, 155255 నంబర్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు. తిరస్కరించిన లేఖ, పాలసీ కాపీ, పిల్లి ఫైలులోని కాగితాలు ముందే వరసగా పెట్టుకుని ఫోన్ చేయండి.