పాత కిటికీల స్థానంలో యూపీవీసీ: కొటేషన్, వారంటీ చూసే పద్ధతి

చెదలు పట్టిన చెక్క కిటికీలను తీయించి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు పెట్టించదలచినవారు కనీసం ముగ్గురి వద్ద కొటేషన్ తీసుకోవాలి. అయితే ముగ్గురికీ ఒకే కొలతలు, ఒకే అద్దం మందం చెప్పకపోతే ఆ ధరలను పోల్చడం వృథా. చదరపు అడుగు ధర తక్కువగా కనిపించినా, పాత చట్రం తొలగింపు, గోడ అంచుల పూత, దోమల మెష్, 18 శాతం జీఎస్టీ అందులో చేరాయో లేదో రాతపూర్వకంగా అడగాలి. నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు గల కిటికీ 20 చదరపు అడుగులే. బిల్లులో 22 కనిపిస్తే నిలదీయవచ్చు. చట్రం నమూనా ముక్కను కోసిన వైపు నుంచి చూస్తే లోపల బలాన్నిచ్చే ఉక్కు పట్టీ ఉందో లేదో తెలిసిపోతుంది. బిగించిన తరువాతైతే అయస్కాంతం ఆనించి చూడాలి.

వారంటీ అంతటికీ ఒక్కటే అనుకోవడం పొరపాటు. ప్రొఫైల్‌కు (చట్రం కట్టే ప్లాస్టిక్ కమ్మీకి), అద్దానికి, రోలర్లకు (రెక్కలు జరిగే చక్రాలకు), బిగింపు పనికి గడువులు వేర్వేరుగా ఉంటాయి. ‘పదేళ్లు’ అన్న మాట సాధారణంగా ప్రొఫైల్‌కే వర్తిస్తుంది. ముందుగా మొరాయించేవి మాత్రం రోలర్లు, వానకు కారేది సిలికాన్ అతుకు. విశాఖపట్నం వంటి ఉప్పుగాలి ఊళ్లలో తుప్పును మినహాయించారేమో తప్పక చదవాలి. ప్రొఫైల్ తయారుచేసేవారు, కిటికీ కట్టే ఫ్యాబ్రికేటర్ తరచుగా వేర్వేరు కాబట్టి, ఫిర్యాదు చేస్తే ఎవరు వస్తారో బిల్లు మీదే రాయించుకుని, కుదిరితే చివరి 10 శాతం సొమ్మును ఒక గట్టి వాన కురిసేదాకా ఆపి ఉంచడం మేలు.