పసుపు కొమ్ముల్లో, ఎండుమిర్చిలో సన్నటి రంధ్రాలు: సమస్య - పరిష్కారం

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వరంగల్ ఎనుమాముల మార్కెట్ నుంచి మిర్చి, నిజామాబాద్ వైపు నుంచి పసుపు తెచ్చి ఏడాదికి సరిపడా డ్రమ్ములకు ఎత్తుతాం. శ్రావణంలో మూత తీస్తే అడుగున వేలి మందాన పొడి. దీనికి కారణం చాలాసార్లు ఒకే పురుగు, పొగాకు పెంకు పురుగు. శాస్త్రీయ నామం లాసియోడెర్మా సెర్రికార్నె. సిగార్లను, చుట్టలను, బీడీ తంబాకును తొలిచేది ఇదే. పసుపు, మిర్చి, ధనియాలు, శొంఠి కూడా దానికి తిండే.

మిర్చి ఘాటు దీన్ని ఏమీ చేయదు. దీని కడుపులో ఈస్ట్ లాంటి సూక్ష్మజీవి ఉంటుంది. ఆకుల్లో, కాయల్లో ఉండే విషాలను అది విరగ్గొడుతుంది, తిండిలో లేని విటమిన్లను కూడా అందిస్తుంది. తల్లి పురుగు ఆ సూక్ష్మజీవిని గుడ్డు మీద పూసి పిల్లకు అందజేస్తుంది. బియ్యం డబ్బాలో నాలుగు ఎండుమిరపకాయలు వేసే పాత పద్ధతి దీని ముందు చెల్లకపోవడానికి కారణం ఇదే.

ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. కొమ్ము మీద కనిపించే రంధ్రం పురుగు లోపలికి వెళ్లిన దారి కాదు, పెద్దదై బయటికి వచ్చిన దారి. రంధ్రం కనిపించిందంటే ఒక తరం అప్పటికే పూర్తయినట్టు. ఆడ పురుగు వంద దాకా గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి పెంకు పురుగు అయ్యేందుకు 37 డిగ్రీల వేడిలో సుమారు 26 రోజులు చాలు, 20 డిగ్రీల దగ్గర 120 రోజులు పడుతుంది. మన ఎండాకాలం, ఆ వెనకే వచ్చే ముసురు దానికి బాగా కలిసొచ్చే కాలం.

పురుగు ఇదేనా?

తెల్ల గుడ్డ పరిచి గుప్పెడు కొమ్ములు పోసి, రెండు కొమ్ములను ఒకదానికొకటి తట్టండి. పొడితో పాటు ఇటుక రంగులో రెండు మూడు మిల్లీమీటర్ల గింజల్లాంటివి రాలతాయి. ముట్టుకుంటే కాళ్లు, తల లోపలికి ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటాయి. చచ్చాయనుకుని దులిపేయకండి. గుడ్డ కదపకుండా ఐదారు నిమిషాలు ఆగితే ఒక్కొక్కటి మెల్లగా కాళ్లు చాపి నడక మొదలుపెడుతుంది. వీపు గూనిగా ఉంటుంది, తల కిందికి వంగి ఉండడం వల్ల పైనుంచి చూస్తే కనిపించదు. ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూస్తే రెక్కల పెంకు నున్నగా ఉంటుంది. పెంకు మీద నిలువు గీతలుంటే అది దీని దగ్గరి చుట్టం, చికిత్స ఒకటే. ముందుకు పొడుగ్గా ముక్కు ఉంటే బియ్యం డబ్బాలోంచి దారి తప్పి వచ్చిన ముక్కు పురుగు. కాయల మధ్య సాలెగూడు లాంటి దారాలుంటే చిమ్మట.

లక్షణం: పసుపు కొమ్ములకు గుండుసూది రంధ్రాలు, విరిస్తే లోపల పొడి

కారణం సాధారణంగా రెండింట్లో ఒకటి. కొమ్ము సరిగా ఎండకముందే ఎత్తడం, లేదా పాత గోనె సంచిలో పోయడం. తేమ 10 శాతానికి తగ్గాలి. బాగా ఎండిన కొమ్మును విరిస్తే టక్కుమని లోహం మోగినట్టు చప్పుడొస్తుంది. వంగి, నారలాగి విరిగితే ఇంకా ఎండాలి. మండలు (పసుపు తల్లి దుంపలు) కొమ్ముల కంటే లావు కాబట్టి ఆలస్యంగా ఎండుతాయి, రెండూ కలిపి ఎత్తితే మండల్లోంచే మొదలవుతుంది.

పరిష్కారం వేడి. మామూలుగా ఎండబెడితే సరిపోదు, పైన కాలుతుంటే పురుగులు కొమ్ముల కిందికి, నీడకు జరుగుతాయి. నేల మీద రెండు పొరల గోనె పరిచి, దాని మీద నల్ల పాలిథిన్ షీట్ వేయండి. కొమ్ములను అంగుళం మందానికి మించకుండా పరిచి, పైన పారదర్శకమైన షీట్ కప్పి, అంచుల చుట్టూ ఇటుకలు పెట్టండి. ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 దాకా ఉంచాలి. వంటింటి థర్మామీటర్ మొనను కొమ్ముల మధ్యలో గుచ్చి చూడండి, అక్కడ 55 డిగ్రీలు దాటి కనీసం గంట సేపు నిలవాలి. గుడ్లు వేడిని అన్నిటికంటే ఎక్కువగా తట్టుకుంటాయి కాబట్టి మరుసటి రోజు కూడా చేయండి. అంతకు మించి వద్దు, ఎక్కువ వెలుతురులో పసుపు రంగు తగ్గుతుంది.

షీట్ లోపలి వైపు నీటి బొట్లు పట్టాయంటే కొమ్ములు పచ్చిగా ఉన్నట్టే. షీట్ తీసి ముందు బాగా ఎండబెట్టి, తర్వాత మళ్లీ కప్పండి. ఎత్తేముందు రాత్రంతా ఇంట్లో పలుచని గుడ్డ కింద ఆరనివ్వాలి. వేడి వేడిగా డ్రమ్ముకెత్తితే మూతకు చెమట పట్టి బూజు వస్తుంది.

విరిచిన కొమ్ములో సగానికి సగం పొడే ఉంటే దాన్ని గిర్నీకి పంపకండి. అది పసుపు పొడి కాదు, పురుగు మలం. కాల్చేయండి. పెంటకుప్పలో వేస్తే పెంకు పురుగులు ఎగిరి మళ్లీ ఇంట్లోకే వస్తాయి.

లక్షణం: మిర్చి తొడిమ దగ్గర రంధ్రం, కాయ చీలిస్తే తెల్లటి నూగు పురుగు

పిల్ల పురుగు కాయలో దాగి గింజలు, లోపలి కండ తింటుంది. చపాటా లాంటి మందపు తోలు మిర్చిలో తేమ ఎక్కువసేపు నిలుస్తుంది, పచ్చళ్లకు దాచేవాళ్లు దాన్ని ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. రవాణాలో విరగకుండా కాయల మీద నీళ్లు చల్లే అలవాటు ఉంది, కాబట్టి కొన్న కాయలను రెండు రోజులు ఎండబెట్టకుండా ఎత్తకూడదు. తేమ 10, 11 శాతం దగ్గర ఆగాలి. అంతకంటే ఎండితే చేతిలోనే పొడి అవుతుంది.

మిర్చికి షీట్ల కింది వేడి వద్దు, ఎరుపు పాలిపోతుంది. ఇంటి ఖర్చుకు దాచింది ఐదు పది కిలోలైతే చలి మేలు. కిలో చొప్పున మందపాటి కవర్లలో పోసి, గాలి నొక్కేసి, రెండంగుళాల మందానికి చదును చేసి, ఇంకో కవర్ తొడిగి డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర వారం రోజులు ఉంచండి. ఒంటి తలుపు ఫ్రిజ్ ఐస్ పెట్టెను నమ్మకండి. అందులో ఐస్‌క్రీమ్ రాయిలా గడ్డకట్టకుండా చెంచాకు మెత్తగా వస్తుంటే ఆ చలి చాలదు. తీసిన తర్వాత కవర్ విప్పకుండా ఒక రోజు బయట ఉంచాలి. చల్లటి కాయలకు గాలి తగిలితే వాటి మీద నీరు చేరుతుంది.

లక్షణం: కారం పొడిలో జీలకర్ర గింజంత గట్టి ఉండలు

తేమకు కట్టిన గడ్డ అయితే వేళ్ల మధ్య మెత్తగా నలుగుతుంది. పురుగు ఉండ చిన్న డబ్బీలా పగులుతుంది, లోపల తెల్లటి ప్యూపా ఉంటుంది. పెంకు పురుగుగా మారే ముందు అది చుట్టూ ఉన్న పొడిని అంటించుకుని గూడు కట్టుకుంటుంది. జల్లెడ పడితే ఉండలు పోతాయి కానీ గుడ్లు పొడిలోనే ఉంటాయి. ఆ కారం వాడకండి.

లక్షణం: అంతా శుభ్రం చేసినా నెలన్నరలో మళ్లీ వచ్చింది

ఇక్కడే ఎక్కువ మంది విసిగిపోతారు. కారణం డ్రమ్ములో కాదు, ఇంట్లో ఇంకెక్కడో ఉంటుంది. సాయంత్రం ట్యూబులైటు దగ్గర, కిటికీ అంచున గోధుమ రంగు పురుగులు పడుతుంటే ఆ గదిలోనే వెతకండి. ధనియాలు, శొంఠి, కుక్క తిండి, ఎండు పూలు, పాత గోనె సంచుల కుట్లు చూడండి. ఆర్మూర్, మెట్‌పల్లి, కోరుట్ల, కామారెడ్డి వైపు బీడీలు చుట్టే ఇళ్లలో తంబాకు సంచీ, పసుపు డబ్బా ఒకే గదిలో ఉండడం మామూలే. తంబాకు ఇంట్లో నిలవ ఉంచకుండా ఏ వారానిది ఆ వారమే తెచ్చుకుని, మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో వంటగదికి దూరంగా పెట్టండి.

ఇంట్లోని సరుకంతా ఒకే రోజు చికిత్సకు పెట్టాలి. పసుపు ఈ వారం, ధనియాలు వచ్చే వారం అంటే పురుగు ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుతుంది. గోనె సంచులను మరిగే నీళ్లలో ముంచి ఎండబెట్టండి. అరల పగుళ్లలోని దుమ్మును గీరి తీయండి.

మసాలా మీద పురుగుల మందు చల్లకండి. అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీలు ఇంట్లో పెట్టకండి, వాటి వాయువు మనుషుల ప్రాణం తీస్తుంది. క్వింటాళ్ల లెక్కన సరుకుంటే గోదాములో గాలి చొరని కవర్ కప్పి, లైసెన్సున్న ఫ్యూమిగేషన్ (విషవాయువు పట్టించి పురుగులను చంపే) వాళ్ల చేతే చేయించాలి. వేపాకు పురుగును చంపదు. పచ్చిగా వేస్తే తేమ మాత్రం ఇస్తుంది.

లక్షణం: కోల్డ్ స్టోరేజీ నుంచి తెచ్చిన మిర్చిలోనూ పురుగు

అక్కడి చలి పురుగును నిద్రపుచ్చుతుంది, అన్నింటినీ చంపదు. బయటి వేడి తగలగానే మళ్లీ తింటుంది. తెచ్చిన కాయల్లో ఇరవై చీల్చి చూసి, అనుమానముంటే ఫ్రీజర్ పద్ధతి పాటించండి. సిగార్లు దాచుకునేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. సిగార్ల పెట్టెను 18 డిగ్రీల లోపు ఉంచితే పురుగు ఎదగదు, చావాలంటే ఫ్రీజరే. సిగార్లను ఫ్రీజర్‌కు ముందు ఒక రోజు, తర్వాత ఒక రోజు మామూలు ఫ్రిజ్‌లో ఉంచితే పై ఆకు చిట్లదు.

ఎత్తే పద్ధతి

అప్పుడే పుట్టిన పిల్ల పురుగు మిల్లీమీటరు కూడా ఉండదు. వదులుగా ఉన్న స్టీల్ డబ్బా మూత సందులోంచి దూరుతుంది, పలుచని క్యారీబ్యాగును కొరికేస్తుంది. రబ్బరు వాషర్ ఉన్న డబ్బా గానీ, గాలి చొరని మూడు పొరల నిల్వ సంచి గానీ వాడండి. ఖాళీ లేకుండా అంచుదాకా నింపితే లోపలి ఆక్సిజన్ అయిపోయి మిగిలినవీ ఊపిరాడక చస్తాయి. రోజూ మూత తీసే డబ్బాలో ఇది జరగదు, కాబట్టి ఏడాది సరుకును నెలకొకటి చొప్పున పన్నెండు ప్యాకెట్లుగా కట్టి, వాడేదాన్ని మాత్రమే విప్పండి. ప్యాకెట్ మీద ఎత్తిన తేదీ రాయండి. జూన్ మొదలు దసరా దాకా పదిహేను రోజులకొకసారి విప్పిన ప్యాకెట్‌ను తెల్ల గుడ్డ మీద తట్టి చూడండి.