స్కూటర్‌కి సైడ్ వీల్సా? టేపు పట్టి చూడండి
విజయవాడ ఆటోనగర్‌లో స్కూటర్ వెనక చక్రానికి రెండు పక్కలా చక్రాలు పెట్టించేవాళ్లు ముందు ఆర్టీవో అనుమతి తీసుకోండి. ఛాసిస్ (బండి చట్రం) గొట్టాల మీద వెల్డింగ్ వద్దనండి. వేడికి గొట్టం బలం తగ్గి అతుకు పక్కనే చీలుతుంది. క్లాంపులు, నైలాక్ నట్లే (లోపల నైలాన్ రింగు ఉండి త్వరగా వదులవ్వనివి) మేలు.

అసలు పని అలైన్‌మెంట్‌లో ఉంది. మనిషి కూర్చున్నాక, నడి చక్రానికీ (స్కూటర్ అసలు వెనక చక్రం) పక్క చక్రానికీ మధ్య దూరం ముందంచు దగ్గరా వెనకంచు దగ్గరా కొలిస్తే ఒకటే రావాలి. తేడా ఉంటే టైర్లు త్వరగా అరుగుతాయి, బండి పక్కకి లాగుతుంది. పక్క స్ప్రింగులు మరీ గట్టివైతే బరువంతా వాటి మీదే పడి, ఇంజిన్ తిప్పే నడి చక్రం వాన బురదలో ఊరికే తిరుగుతుంది, బ్రేకు వేసినా జారుతుంది. బండి ఇక వంగదు, మలుపుకి ముందే వేగం తగ్గించాలి. మొదటి 100 కిలోమీటర్లకి నట్లన్నీ మళ్లీ బిగించండి.