బేదులు తగ్గడం లేదా? ముందు మీ మాత్రల సంచి వెతకండి

అలిపిరి మెట్లు 3,550. కొండెక్కి దిగినవాళ్లు మోకాళ్లు పట్టేసి మా మందుల షాపుకి వచ్చి అడిగేది ఒకటే: "అన్నా, నొప్పి మాత్ర ఒక అట్ట, గ్యాస్ మాత్ర ఒక అట్ట ఇయ్యి." రెండు రోజులకైతే సరే. ఇంటికెళ్లాక కూడా నెలల తరబడి రోజూ మింగేవాళ్లతోనే చిక్కు. వారాల తరబడి నీళ్ల విరేచనాలు అవుతున్నా హోటల్ చట్నీని తిట్టుకుంటారు గానీ మాత్రని అనుమానించరు.

డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు, లాన్సోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు, సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులు వాడేవాళ్లలో కొందరికి పెద్దపేగు వాస్తుంది. దీన్ని మైక్రోస్కోపిక్ కొలైటిస్ అంటారు. యాభై దాటిన ఆడవాళ్లలో ఎక్కువ. రక్తం పడదు. కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే కొలనోస్కోపీలో కూడా పేగు మామూలుగానే కనిపిస్తుంది, చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపితేనే బయటపడుతుంది.

అందుకే ఒక కాగితం తీసుకోండి. మాత్ర పేరు, మొదలుపెట్టిన నెల, రోజుకెన్ని అనేవి రాయండి. బ్రాండ్ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు ముఖ్యం. వేర్వేరు పేర్లతో రెండు నొప్పి మాత్రలు ఒకేసారి వేసుకునేవాళ్లు బోలెడుమంది! అట్ట కత్తిరించి నాలుగు మాత్రలు ఇచ్చినప్పుడు పేరున్న ముక్క చాలాసార్లు మా దగ్గరే ఉండిపోతుంది. రాసివ్వమనండి, మొహమాటం వద్దు. చివర్లో బేదులు ఎప్పుడు మొదలయ్యాయో రాస్తే ఏ మాత్ర తర్వాత వచ్చాయో తెలుస్తుంది.

యాంటీబయాటిక్స్ సంగతి వేరు. పేగులోని మంచి బ్యాక్టీరియా పోయి సి.డిఫిసిల్ అనే క్రిమి పెరిగితే పేగు వాస్తుంది. కోర్సు అయిపోయిన కొన్ని వారాలకు కూడా రావచ్చు. అప్పుడు డాక్టర్‌ని అడగకుండా లోపెరమైడ్ వేసి విరేచనాలు ఆపకండి. జ్వరం, రక్తం, కడుపు ఉబ్బరం, కళ్లు తిరగడం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

అనుమానం వచ్చిందని గుండెకి రాసిన ఆస్పిరిన్, డిప్రెషన్ మాత్ర మీ అంతట మీరు మానేయొద్దు. ఆ కాగితం డాక్టర్ ముందు పెట్టండి. ఏది ఆపాలో, దేనికి బదులు ఏది వాడాలో ఆయనే చెబుతారు. మైక్రోస్కోపిక్ కొలైటిస్ అయితే, మాత్ర ఆపినా తగ్గకపోతే చాలామందికి పేగు వాపు తగ్గించే బ్యూడెసొనైడ్ రాస్తారు.