‘థ్రోన్ ఆఫ్ బ్లడ్’ ఇలా చూడండి

మా విజయనగరంలో నాటకాలాడే పిల్లలకు అకిరా కురొసావా 1957లో తీసిన ‘థ్రోన్ ఆఫ్ బ్లడ్’ అనే జపాన్ సినిమా చూపించే ముందు, దానికి ఆధారమైన షేక్‌స్పియర్ నాటకం ‘మాక్‌బెత్’ కథ పది నిమిషాల్లో చెప్పేస్తాను. మీరూ కథ తెలుసుకునే కూర్చోండి. తర్వాతేమవుతుందన్న టెన్షన్ లేకపోతేనే నటన కంటికి ఆనుతుంది.

రాత్రిపూట లైట్లు ఆర్పి చూడండి. నలుపు తెలుపు సినిమా, ఎక్కడ చూసినా పొగమంచే.

కథానాయకుడి భార్య అసాజీని మాత్రం వదలకండి. ఆ వేషం వేసిన ఇసుజు యమాడా ముఖం కదలదు, జపాన్ వాళ్ల ‘నో’ నాటకంలో ముసుగులా ఉంటుంది. ప్రభువు కాపలావాళ్ల కోసం మత్తు కలిపిన మద్యం తేవడానికి చీకట్లోకి వెళ్లి, జాడీతో తిరిగొస్తుంది. అప్పుడు వినిపించేది పట్టుబట్ట రాపిడి చప్పుడు. ఆ ఒక్క ముక్కా సౌండు పెంచి రెండుసార్లు చూడండి. మా ఉత్తరాంధ్ర వీధినాటకం తూర్పు భాగోతంలో మద్దెల చేసే పని అక్కడ ఆ బట్ట చప్పుడే చేస్తుంది. నాకు ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది.

చివర్లో కథానాయకుడి వేషం వేసిన తొషిరో మిఫూనే చుట్టూ పడే బాణాల్లో నిజంగా విలుకాళ్లు వేసినవి ఉన్నాయి. ఈ సంగతి పిల్లలకు సినిమా అయ్యాకే చెప్తాను. ముందే చెబితే అతని ముఖం వదిలేసి బాణాలు చూస్తారు.