లోన్ ఫర్ (Lone Fir) శ్మశానంలో సొంతంగా తిరిగే ముందు జాగ్రత్తలు

అమెరికా ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లోని ఈ తొలి వలసదారుల శ్మశానం దాదాపు 30 ఎకరాలు. మొదటి ఖననం 1846లో జరిగింది. ఇప్పుడు 25,000 మందికి పైగా ఇక్కడ ఉన్నారు.

– మ్యాపు ముందే ఫోన్‌లో దింపుకోండి. మంచినీళ్లు తీసుకెళ్లండి.

– జారని అడుగున్న బూట్లే వేసుకోండి. పాత చెక్క శవపెట్టెలు కుళ్లినచోట నేల కుంగుతుంది, గడ్డి కింద గుంట కనబడదు.

– పెద్దగాలి రోజున వద్దు, ముసలి చెట్ల కొమ్మలు విరిగిపడతాయి.

– ఏ రాయికీ ఆనుకోవద్దు, పిల్లల్ని అసలు ఎక్కనివ్వొద్దు. నిలువు పలకల పీఠంలో అతుకు వదులై ఉండొచ్చు, లోపలి ఇనుప చీల తుప్పు పట్టి ఉండొచ్చు. చేయి వేస్తే పలక ఒరిగి మీద పడుతుంది.

– చెరిగిన అక్షరాల కోసం సుద్ద, షేవింగ్ క్రీమ్, బ్లీచ్, వైర్ బ్రష్ వాడకండి. కాగితం పెట్టి రుద్దడమూ ప్రమాదమే. వానలకు నానిన చలువరాయి పంచదారలా పలుకులుగా రాలుతుంది, గీకితే పేరే పోతుంది. చిన్న అద్దంతో ఎండను పక్కవాటుగా మళ్లించండి. నీడల్లో అక్షరాలు తేలతాయి.

– నైరుతి మూలన బ్లాక్ 14లో చైనా వలస కార్మికులనూ, మానసిక చికిత్సాలయ రోగులనూ పూడ్చారు. రాళ్లు లేవని దాన్ని ఖాళీ స్థలంగా చూడకండి. కంచె ఉంటే దాటొద్దు.